కాపలావాడి రెండు నిమిషాలు

ఆ యుద్ధం వీడియో గేమ్ మొదటి భాగంలో ముప్ఫై ఏడు చావులకు గొంతు ఆయనదే. రెండో భాగంలో అరవై రెండు. తుపాకీ దెబ్బకు ఒక రకం, గ్రెనేడుకు ఒక రకం, మిద్దె మీంచి పడితే ఇంకో రకం. ఒక అరుపు ఇంకో అరుపులా ఉండకుండా చచ్చిన గొంతు అది. ఊరి బడిలో ఏడో తరగతితో చదువాపేసి, నాటకాల్లో భటుడి వేషాలతో మొదలుపెట్టి, అరవై దాటాక కూడా ఒక్క టేకులో చావగలిగినవాడు ఆ స్టూడియోలో మరొకడు లేడు. కనబడిన ప్రతివాడికీ ఆయన ఈ మాట చెప్పేవాడు. చెప్పుకునే హక్కూ ఉంది. అయితే నాలుగో భాగం వచ్చేసరికి గొంతు బొంగురుపోయింది. ఇంటికి చేరాక భార్యతో సైగలే. ఇన్నేళ్లకు ఇంట్లో నా మాట చెల్లుతోందని ఆవిడ నవ్వేది.

ఆ నాలుగో భాగంలోనే ఆయనకు తొలిసారి మాటలు దొరికాయి. కథలో ఆటగాడు నడిపే సైనికుడు తప్పిపోయిన తమ్ముణ్ణి మూడు భాగాలుగా వెతుకుతున్నాడు. వంతెన మీద శత్రువుల కాపలావాడొకడు, ఆ తమ్ముడికి చివరి ఘడియల్లో నీళ్లు పట్టింది తానేనని తోటివాడితో చెప్పుకుంటాడు. రెండు నిమిషాల మాటలు. ఆటగాడు గోడ చాటున ఆగితేనే వినబడతాయి.

ఎవరూ ఆగలేదు. ఆడించి చూసిన నూట ఇరవై మందిలో ఒక్కడూ నాలుగు సెకన్లు దాటలేదు. కనబడగానే కాల్చేశారు. వినేవాడే లేనప్పుడు ఎందుకు, తీసేద్దామన్నాడు డైరెక్టరు. గేమ్‌లో తప్పులు వెతికే టెస్టర్ అమ్మాయి ఈ కబురు మోసుకొచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఆయన వెళ్లి డైరెక్టరు గదిలో కూర్చున్నాడు. తన చిట్టా అంతా మళ్లీ విప్పాడు. నాలుగు భాగాలు, రెండు వందల పైచిలుకు చావులు, ఒక్కనాడూ ఆలస్యంగా వచ్చింది లేదు. డైరెక్టరు విన్నాడు గానీ మెత్తబడలేదు.

"ఇన్నిసార్లు చచ్చాను నాయనా నీకోసం. ఒక్కసారి కాల్చకుండా విను. ఆ తర్వాత నీ ఇష్టం."

టెస్టర్ అమ్మాయి ఆట నడిపే కంట్రోలర్ తెచ్చి డైరెక్టరు చేతిలో పెట్టింది.

గోడ చాటున ఉన్నంతసేపూ అతని వేలు తుపాకీ మీట మీదే తారాడింది. కాపలావాడు మాట్లాడాడు. నీళ్లు తాగుతూ ఆ కుర్రాడు అన్నయ్యను తలచుకున్నాడని చెప్పాడు. మాటలయ్యాక తోటివాణ్ణి పంపేసి వంతెనకు అడ్డంగా నిలబడ్డాడు. ముందుకెళ్లాలంటే వాణ్ణి చంపాల్సిందే. వేరే దారి పెట్టలేదు. డైరెక్టరు తెర మీద అటు తిరిగాడు, ఇటు తిరిగాడు, చివరికి కంట్రోలర్ బల్ల మీద పెట్టేశాడు.

"చెయ్యి రావట్లేదు బాబాయ్."

"అయితే ఇది తప్పు కింద రాసుకోవాలి సార్," అంది అమ్మాయి. "ఆట ఇక్కడే ఆగిపోతోంది."

వంతెన కింద వాగులోంచి దారి వేయడానికి పది రోజులు పట్టింది. డైరెక్టరు గొణుక్కుంటూనే వేయించాడు. కింద ఆటగాడు వాగు దాటుతుంటే పైన కాపలావాడు బతికున్నట్టు తెలియాలి గదా, దానికోసం ఆయన్ను మళ్లీ పిలిచారు. అలవాటు కొద్దీ, ఏ రకం చావని అడిగాడు.

"చావు లేదు బాబాయ్," అంది అమ్మాయి. "డ్యూటీ చేసి చేసి అలిసిపోయాడు. అంతే."

ఆయన మైకు ముందుకు వెళ్లాడు. స్టూలు మీద కూలబడి, చెప్పులు విడిచి, కాళ్లు చాపుకుని, నోరారా ఆవలించాడు. చాలు బాబాయ్, ఒక్క టేకేనని అద్దం అవతలి నుంచి అమ్మాయి చెయ్యి ఊపింది.

ఆయన మాత్రం వెంటనే లేవలేదు.