తాడు చివరి దుర్గమ్మ

పల్లిపాలెంలో దుర్గమ్మ పాట ఎత్తుకోకపోతే వల కదలదు. ఇది పొగడ్త కాదు, పని పద్ధతి. సముద్రంలో వేసిన పెద్ద వలకి రెండు తాళ్ళుంటాయి. ఒడ్డున రెండు జట్లు వాటిని పట్టి లాగుతాయి. పాట ఎత్తేవాళ్ళు తాడు చివర, అందరికన్నా వెనక నిలబడతారు. అక్కడినుంచైతేనే రెండు జట్లూ కనిపిస్తాయి. ముప్ఫై ఏళ్ళుగా ఆ చోటు దుర్గమ్మదే.

అలాంటి పాటల జట్టు మీద సినిమా తీస్తానని అమలాపురం నుంచి విశ్వనాథ్ వచ్చాడు. "సినిమాల్లో మీ వేషాలు ఎవరెవరో వేస్తారండీ. నేను అసలు మనుషుల్నే చూపిస్తాను" అన్నాడు. దుర్గమ్మ మురిసిపోయి పెట్టెలోంచి కొత్త చీర తీసింది.

తీరా కెమెరా ఎక్కడ పెట్టాడు? తాడు మొదట్లో, నీళ్ళ దగ్గర. అక్కడున్నదెవరు? తోటికోడలు రాజ్యలక్ష్మి. పచ్చటి ఛాయ, వరస పళ్ళు. ముందున్నదే నాయకురాలనుకున్నాడు మహానుభావుడు. "ఈ జట్టుకి గొంతు మీరేనన్నమాట!" అన్నాడు. వంత పాడే మనిషి, కాదనొచ్చుగా? నవ్వి ఊరుకుంది! దుర్గమ్మ ఇదంతా తాడు చివరినుంచి చూసింది. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే కదూ! నల్లటి మొహం, ముందుపన్ను ఊడిన నోరు అసలు మనుషుల్లోకి రావు కాబోలు. నోరు తెరిచి చెప్పుకుందామంటే అభిమానం అడ్డొచ్చింది.

నాలుగు రోజులు ఓర్చుకుంది. ఓర్చుకుందని అనడమే గానీ, రాజ్యలక్ష్మి మొహానికి పౌడరు అద్దుతుంటే చూసి ఆవిడకి అన్నం సయించలేదు.

అయిదో రోజు వల బరువుగా వస్తోంది. కెమెరా మాత్రం రాజ్యలక్ష్మి మొహం వదల్లేదు. దుర్గమ్మకి దుర్బుద్ధి పుట్టింది. పదిమందిలో తడబడనీ దాన్ని, అనుకుని పాట వడి పెంచేసింది. రాజ్యలక్ష్మి తడబడింది, సరే. కానీ దగ్గరి జట్టు పాటతో పాటు గబగబా లాగేసింది, దూరపు జట్టు అందుకోలేకపోయింది. వల ఓ పక్కకి ఒరిగిపోయి, చేపలన్నీ కళ్ళెదుటే జారిపోయాయి. అది నలభై ఇళ్ళ కూడు.

పాట వడి ఎవరి చేతిలో ఉంటుందో ఊరందరికీ తెలుసు. తెలియనిది విశ్వనాథ్‌కే. "ఏమైందండీ రాజ్యలక్ష్మిగారూ?" అన్నాడు.

రాజ్యలక్ష్మి వెనక్కి తిరిగి దుర్గమ్మని ఒక్కసారి చూసింది. "తప్పు నాదేనండీ. తొందరగా పాడేసేనండీ" అంది.

తనని కాపాడుతోందని దుర్గమ్మకి తెలుసు. తెలిసీ ఒళ్ళు మండిపోయింది. పేరు పట్టుకుపోయింది, ఇప్పుడు తప్పు కూడా పట్టుకుపోతుందా!

"నీ మొహం! నువ్వు పాడితే వల కదులుద్దేంటే?" అని అరుచుకుంటూ ముందుకొచ్చింది. "ఆ పాట నాదండీ బాబూ! ముప్ఫై ఏళ్ళ నుంచీ నాదే. వల ఒరగేసింది నేను. దీని మీద కుళ్ళుతో ఒరగేసేను!"

కెమెరా అప్పుడు తిరిగింది ఆవిడ వైపు.

కొన్నాళ్ళకి రాజోలులో ఆ సినిమా వేశారు. అప్పటికే తీసిందంతా ఉంచేశారు కాబోలు, రాజ్యలక్ష్మి గంటసేపు కనిపించింది. దుర్గమ్మ ఒక్కచోటే, ఊడిన కొప్పుతో, ఊడిన పన్నుతో, ఆ అరుపు అరుస్తూ. బయటికొస్తుంటే ఎవరో పెద్దావిడ ఆపింది.

"ఆ చేపలు పోగొట్టినావిడ మీరేనాండీ?"

అవతల రాజ్యలక్ష్మి చుట్టూ జనం మూగి ఉన్నారు. దుర్గమ్మ అటొకసారి చూసి, కొంగు సర్దుకుంది.

"ఆయ్, నేనేనండీ" అంది. "పాట కూడా నాదేనండీ."