డాక్టరు చెప్పమన్న మాట

ఒక మాట దాచి ఏళ్లుగా మోస్తున్నాను. అది మోసమో, జాలో ఇప్పటికీ తేలలేదు. మీరైనా వినండి.

మా చెల్లెలి భర్త మొగల్తూరు దగ్గర రేవులో చేపల రేట్లు అరుస్తూ వేలంపాట పాడేవాడు. ఆ గొంతే అతని బతుకు. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం అతనికి పైవంపు దగ్గర ఉబ్బింది. ఎప్పుడైనా పగలొచ్చన్నారు. నేను పత్రికా విలేకరిని కాబట్టి తెలుగు రాని డాక్టరుగారు నన్ను పిలిచి ఇంగ్లీషులో వివరించారు. ఒళ్లు బాగా చల్లబరిచి, రక్తప్రసరణ ఆపి, నాళం మారుస్తారు. ఆ సేపూ మెదడుకు మాత్రం వేరే గొట్టంతో రక్తం పంపుతారు. ఎంత కాపాడినా ఒక్కోసారి మాట పోవచ్చు. ఇదంతా ఆపరేషనుకు ఒప్పుకుంటూ పెట్టే సంతకానికి ముందే అతనికి చెప్పమన్నారు.

వెళ్లి చెప్పాను. చివరిది తప్ప.

"ఐసులో పెడతారా బావా? అయితే పులసని చెప్పు, రేటు బాగా పలుకుద్ది," అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి అడిగాడు. "లేచాక పాట పాడతాను కదా?"

"నీ నోటికి తాళం వేసే మొనగాడెవడు?" అన్నాను.

సంతకం పెట్టాడు.

బతికాడు. మనుషుల్ని గుర్తుపడతాడు, చెప్పింది అర్థం చేసుకుంటాడు. మాట మాత్రం రాదు. రేవులో ఇంకొకరు పాడుతుంటే పెదవులు కదుపుతూ నిలబడతాడు.

పేజీలో చోటు చాలకపోతే వార్తలో చివరి పేరా తీసేయడం మాకు అలవాటు. ఆ అలవాటే పని చేసిందా? భయపడి వద్దంటాడేమోనని దాచానా? లేక ఆ కారణం తర్వాత నేను కల్పించుకున్నదా? తెలిసినా సంతకం పెట్టేవాడేమో. పెట్టకపోతే ఈపాటికి ఉండేవాడు కాదేమో. ఎటు తిప్పినా ఒకచోట ఆగిపోతున్నాను: అది తేల్చుకోవలసినవాడు అతను. అడిగాడు కూడా.

"నువ్వు ధైర్యం చెప్పబట్టే ఒప్పుకున్నాడన్నయ్యా, లేపోతే దక్కేవాడా?" అంటుంది చెల్లెలు, వెళ్లినప్పుడల్లా. ఆ మాటకు తలూపుతాను. అతను నా వైపే చూస్తుంటాడు. ఆ చూపులో ఏముందో చదవలేను.

చెబితే అతనికి అర్థమవుతుంది. అయినా ఎదురుగా కూర్చుని ఇంతవరకూ చెప్పలేకపోయాను. మీకు చెప్పాను. గుండెల మీద బరువు కాస్త జరిగినట్టుంది, దిగలేదు.