మరిడమ్మ వదిన కార్డులో ముఖం

మా మరిడమ్మ వదిన నల్లగా ఉండేది. చామనఛాయ అని సర్దిచెప్పుకునే నలుపు కాదు, నేరేడుపండు నలుపు. సముద్రం దాటొచ్చి మావాళ్ళు స్థిరపడిన సుంగై సిపుట్ దగ్గర, మా రబ్బరు తోటలో ఆమెలా చెట్టు గీసి పాలు పట్టేవాడు మగవాళ్ళలో కూడా లేడు. తన రంగు గురించి ఆమెకి మొదటినుంచీ బెంగ ఉండేదని ఎవరైనా అంటే వాళ్ళ నోట్లో మన్ను. ఆ బెంగ పెట్టింది మేము. మొదటి చెయ్యి నాదే. ఆమె నా సొంత అన్నయ్య తాతబాబు పెళ్ళాం.

అడవిలో కమ్యూనిస్టులు, రోడ్ల మీద సైన్యం ఉన్న రోజులవి. పన్నెండేళ్ళు దాటిన ప్రతి మనిషికీ ఫోటో ఉన్న కార్డు ఉండాలని సర్కారు హుకుం. పట్నం నుంచి గోవిందసామి కెమెరా మోసుకొచ్చాడు. ఆయనకి ఫోటో స్టూడియో ఉంది, అదే కొట్లో పౌడరూ స్నో కూడా అమ్ముతాడు.

"నల్ల ముఖాలు ఫోటోలో పడవమ్మా, పళ్ళే పడతాయి" అని నవ్వి, మా చేతికి ఒక డబ్బా ఇచ్చాడు. డబ్బా మీద తెల్ల దొరసాని. బుద్ధెరిగాక ఏ డబ్బా మీదా మాలాంటి ముఖం నేను చూడలేదు.

మేమంతా తలా కాస్త అద్దుకున్నాం. వదిన వద్దంది.

"నా మొగం నాకుండగా ఈ పిండేటే?"

"పళ్ళే పడితే అందరూ నవ్వుతారు వదినా, ఉండు" అని నేనే పట్టుకుని రెండు చేతులా మెత్తాను. కార్డు వచ్చాక చూస్తే అందులో ఉన్నావిడ ఎవరో మాకే తెలియలేదు. పగలబడి నవ్వుకున్నాం.

తర్వాత అడవిలో వాళ్ళకి తిండి అందకుండా తోట చుట్టూ ముళ్ళకంచె వేశారు. ఒకటే గేటు. అక్కడ తుపాకీ పట్టుకుని మాతామాతా, అంటే పోలీసు. వాడు కార్డు చూసి, వదినని చూసి, "ఇది నువ్వు కాదు లా" అన్నాడు అక్కడి యాసలో. ఇంటికొచ్చి పౌడరు రాసుకుని వెళితే వదిలాడు. కాపలావాళ్ళు నెలనెలా మారేవారు. ఒకడికి ముఖం అలవాటయ్యేసరికి ఇంకొకడు దిగేవాడు. అందుకని పట్నం వెళ్ళాలంటే వదినకి పౌడరు తప్పేది కాదు. గేటు దాటగానే చెంగుతో తుడిచేసుకుని, తుపుక్కున ఉమ్మి నడిచేది.

ఒక ఉదయం లారీ బోల్తా పడి అన్నయ్య ఛాతీ నలిగింది. పట్నం ఆసుపత్రికి తీసుకుపోయారు. తోట చివరి వరసలో ఉన్న వదిన కబురు విని గేటు దాకా పరుగెత్తుకొచ్చింది. కొత్త మాతామాతా తల అడ్డంగా ఊపాడు. వదిన వాడి కాళ్ళ మీద పడింది. ఇంట్లో డబ్బా ఖాళీ. నేను కూలీల లైను ఇళ్ళన్నీ తిరిగాను, ఎవరి దగ్గరా లేదు. చివరికి వదిన గేటు పక్కనున్న అమ్మవారి గుళ్ళోకి పోయి, పళ్ళెంలో విబూది అంతా ముఖానికి పులుముకొచ్చింది. చెమటకీ కన్నీళ్ళకీ అది చారలు కట్టింది. వాడు పడీ పడీ నవ్వాడు. నవ్వడం అయ్యాకే వదిలాడు.

మేము చేరేసరికి అన్నయ్య మీద దుప్పటి కప్పేశారు.

దినం అయ్యాక వదిన ఒకటే అడిగింది. "నా మొగమున్న కార్డు నాకు గావాల."

కొత్త ఫోటో తెస్తే మారుస్తామన్నాడు కార్డుల ఆఫీసు గుమాస్తా సుబ్రమణియం. ఇద్దరం స్టూడియోకి వెళ్ళాం. గోవిందసామి వదిన ముఖాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పౌడరు వద్దమ్మా. ఇలాగే ఉండు. నవ్వకు" అన్నాడు. డబ్బులు పుచ్చుకోలేదు. ఫోటో తనే ఆఫీసుకి పంపిస్తానన్నాడు. దేవుడిలాంటి మనిషి అనుకున్నాం. మా తెలివి తెల్లారినట్టే ఉంది!

నెల గడిచినా కార్డు రాలేదు. స్టూడియో ముందు బోర్డు వచ్చింది, మనిషంత బోర్డు. ఎడమవైపు పౌడరు లేని వదిన, మొగుడు పోయి నెలైనా తిరగని ముఖం. కింద తమిళంలో "మున్" అని రాశారు. కుడివైపు కార్డులోని తెల్ల ముఖం, బుగ్గలకి గులాబీ రంగు వేసి, కింద "పిన్" అని. అంటే ముందు, తరువాత. మధ్యలో డబ్బా. మాలాంటి ముఖాన్ని ప్రకటనలో చూడటం నాకదే మొదటిసారి. దాన్ని రోగంలా చూపించారు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

నేను కొట్లోకి దూసుకుపోయి అరిచాను. గోవిందసామికి కోపం కూడా రాలేదు. "దొరసాని బొమ్మని మనవాళ్ళు నమ్మరమ్మా. ఇది పెట్టాక డబ్బాలు నిలవడం లేదు" అన్నాడు. ఫోటో ఆఫీసుకి చేరనే లేదని సుబ్రమణియం చెప్పాడు.

ఆ వారం వదిన పంతం పట్టి ఉత్త ముఖంతో గేటుకి వెళ్ళింది. మాతామాతా కార్డు చూడనే లేదు.

"ఓ, మున్! బోర్డులో నిన్ను చూశాను. పో లా!"

ఆమె కోరుకున్నదదే, తన ముఖంతో గేటు దాటడం. కాసేపు అక్కడే నిలబడి, దాటకుండా ఇంటికొచ్చేసింది. మళ్ళీ వెళ్ళినప్పుడు పౌడరు రాసుకునే వెళ్ళింది. గేటు దాటాక తుడుచుకోలేదు.

తోటలో పిల్లలు కూడా ఆమెని మున్ అనే పిలిచేవారు. మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం వచ్చింది, పట్నమంతా జెండాలు కట్టారు. మా కంచె మాత్రం ఇంకో రెండేళ్ళకి గాని ఊడలేదు. అది ఊడిన రోజు నేనన్నాను, "ఇంకెందుకు వదినా ఈ పౌడరు? కార్డు అడిగేవోడు లేడు గదా."

"కార్డు కోసరమేటి? ఇది నేకపోతే ఆ బోర్డు మీద మున్ నానే అని తెలిసిపోద్ది."

ఆ డబ్బా కొనేది కూడా గోవిందసామి దగ్గరే.

మరుసటి ఏడాది జ్వరంతో పోయింది. స్నానం నేనే చేయించాను. పౌడరంతా కడిగితే, ఎన్నేళ్ళకో, మా వదిన కనబడింది. ఎంత బాగుందో! వెక్కి వెక్కి ఏడ్చాను. బయట, శవాన్ని తెచ్చాక చుట్టూ అందరినీ నిలబెట్టి ఫోటో తీయడానికి గోవిందసామి కెమెరా బిగిస్తున్నాడు. వదిన కూతురు పాపాయి లోపలికొచ్చి నా చేతిలో డబ్బా పెట్టింది.

"అత్తా, ఫోటో తీస్తన్నారు. అమ్మకి కొంచెం రాయవా? అందరూ సూస్తారు."

నేనే రాశాను. ఈసారి వదిన వద్దనలేదు.