చప్పుడుకు మరిగిన ఒళ్లు

సూరత్ బమ్రోలిలో ఇరవై రెండేళ్లుగా మరమగ్గాలు, అంటే వాళ్ల మాటలో సాంచాలు, నడుపుతున్న గంగారాం మొన్న సోమవారం కళ్లు తిరిగి పని దగ్గరే కూలబడ్డాడు. బీపీ నూట యాభై లోపుందని చీటీ తెస్తేనే మళ్లీ సాంచాల మీదికి రానిస్తానన్నాడు సేఠ్. లేకుంటే గేటు దగ్గర కుర్చీ వేస్తాడట. పని వచ్చినవాణ్ని కుర్చీలో కూర్చోబెట్టడమంటే బతికుండగానే పటం కట్టి గోడకు తగిలించడం.

బీపీ గోలీలు వేసుకుంటూనే, శనివారం సేఠ్ పెట్టించిన ఆరోగ్య క్యాంపుకు పోయాడు. సేఠ్ మేడ మీది ఏసీ గదిలో శ్యాంసుందర్ ఉన్నాడు. బ్యాంకులో రిటైరైన తెలుగాయన, చంకలో చాప. ఒత్తిడి తగ్గించే విద్య నేర్పుతాడట. ముప్పై ఏళ్లు మెత్తటి కుర్చీలో కూర్చున్నవాడు ఇప్పుడు కూర్చోవడం నేర్పవచ్చాడని గంగారాం మూతి ముడిచాడు.

“శబ్దమే శత్రువండీ. నిశ్శబ్దాన్ని వినండి.”

“అండ్ల ఇననీకి ఏముంటది సార్?”

“మనసు ఖాళీ చేయండి.”

“సాంచ ఖాళీగుంటే సేఠ్ తిడ్తడు. మనసు ఖాళీగుంటే ఎవరు మెచ్చుకుంటరు?”

అయినా కళ్లు మూసుకున్నాడు. చప్పుడు ఆగిందంటే అతని ఒంటికి తెలిసింది ఒకటే: ఎక్కడో పోగు తెగి సాంచ నిలిచింది. పది నిమిషాలూ చెవులు రిక్కించుకుని, లేవబోయే చేతులను తొడల కింద అదిమి కూర్చున్నాడు. క్యాంపు నర్సు సంతోషి బీపీ పట్టీ కట్టి చూసింది. నూట డెబ్బై రెండు.

“ఇంకా లోతుకు వెళ్లాలండీ,” అన్నాడు శ్యాంసుందర్.

“బాయిలకా సార్?”

సంతోషి నవ్వు ఆపుకుంది. ఆమె తండ్రీ సాంచాల మీద బతికినవాడే. “కరెంటు పోయి సాంచాల చప్పుడు ఆగితే మా నాయిన నిద్రల నుంచి లేచి కూసునేటోడు కాకా. నువ్వు జర నాతోని రా.”

కిందికి, కార్ఖానా గోడ దగ్గరికి తీసుకుపోయింది. మెట్టు మీది దారపు నూగును తన చున్నీతోనే తుడిచింది. ఆ తల్లిని దేవుడు చల్లగా చూడాలి. అడగకుండా చేసే మేలు చాపలు పరిచి నేర్పితే వచ్చేది కాదు.

గోడ అవతల సాంచాలు టకటకలాడుతున్నాయి. గంగారాం వీపు ఆనించాడు. ఆ తాళంలోనే నేతవాళ్లు కొలిచే మార్కండేయుని పేరు కలుపుకున్నాడు. కాసేపటికి మెడ వాలింది.

పావుగంట ఆగి సంతోషి రెండుసార్లు చూసింది. రెండుసార్లూ నూట నలభై ఆరే. చీటీ రాసిచ్చింది. “గోలీ మాత్రం బంద్ చెయ్యకు.”

శ్యాంసుందర్ మెట్లు దిగి వచ్చాడు. “ఏ పద్ధతి వాడారండీ?”

గంగారాం ఆయన్ని పైనుంచి కిందికి చూశాడు.

“పద్ధతేం లేదు సార్. ఇరవై నాలుగు సాంచాలు నడుస్తున్నయ్. ఒక్క పోగు తెగలే. గంతే.”

చీటీ పట్టుకుని సేఠ్ దగ్గరికి నడిచాడు.