అక్క కారుకు రెండు బస్తాల వంట సోడా

ముందే ఒప్పేసుకుంటున్నాను. నేను ఏ ప్రయాణం గురించి రాసినా తుంపర తుఫానవుతుంది, మడుగు సముద్రమవుతుంది. నాలుగిడ్లీలు తిన్నానని నేను చెబితే మా ఇంట్లో రెండని లెక్క వేసుకుంటారు. మీరూ ఆ పద్ధతిలోనే చదువుకోండి. బస్సుల టైములు మాత్రం తగ్గించకండి, అవి నిజం. ఆ దారిన మీరు వెళ్ళవలసి వస్తే పనికొస్తాయి.

ఈ ప్రయాణానికి కారణం పొదిలిలో ఉన్న మా అక్క, ఆమె అంబాసిడర్ కారు. బావ పోయాక ఆమె సేద్యం మానలేదు, కారూ మానలేదు. వెనక సీటు పీకించేసి, మిర్చి బస్తాలు కుక్కి, గుంటూరు యార్డుకు తనే నడుపుకుంటూ వచ్చేది. దారిలో లారీవాళ్ళు హారన్ కొడితే తిరిగి రెండు కొట్టేది. ఆ కారు రిజిస్ట్రేషన్ గడువు అయిపోవచ్చింది. పొడిగించమని ఒంగోలు రవాణా ఆఫీసుకు తీసుకెళితే ఇన్‌స్పెక్టరు రెండు తప్పులు చూపించాడు. రిజిస్ట్రేషన్ పుస్తకంలో రంగు నీలం, బండి తెలుపు. ఇంజను పక్క రేకు మీద కొట్టిన ఛాసిస్ నంబరేమో రంగు పొరల కింద కప్పుకుపోయి కనపడడం లేదు. శుక్రవారంలోగా రెండూ సరిచేసుకు రాకపోతే కాగితాలు తిరిగిచ్చేస్తానన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. నంబరు మీద ఒక్క గీత కనిపించినా, ఎవరో దిద్దారని రాస్తాడట.

అక్క మరిది అప్పటికే పాత ఇనుము కొనేవాణ్ణి మాట్లాడి పెట్టాడు.

పొదిలిలో పాత బళ్ళ రేకుపని చేసే మస్తాన్ రంగు ఊడగొట్టే మందు పూసి ఒక మూల గోకి చూశాడు. రేకు మీద గీత పడబోతుంటే భయపడి ఆపేశాడు. ట్రాక్టరు ట్రాలీల తుప్పు వదిలించడానికి గాలితో ఇసుక కొట్టే యంత్రం పెడితే అంకెలే అరిగిపోతాయన్నాడు. అక్క నాకు ఫోను చేసింది. నేను ఇంటర్నెట్ సెంటరుకెళ్ళి గంట కూర్చున్నాను. ఏదో దేశంలో పాత కార్ల రంగును ఇసుకకు బదులు వంట సోడా గాలితో కొట్టి తీస్తున్నారని ఒక పేజీలో కనిపించింది. అద్దం పగలదు, రేకు వంగదు, గీత పడదు. మర్నాడే గుంటూరు బజార్లో రెండు బస్తాల సోడా కొన్నాను. ఆ వారం ఊళ్ళో బజ్జీలు పొంగలేదని జనం చెప్పుకుంటే అది నా పుణ్యమే.

బుధవారం ఉదయం అయిదూ ఇరవైకి వినుకొండ బస్సు. బస్తాలు చూసి కండక్టరు ఆగాడు.

"ఏంటండీ అందులో?"

"వంట సోడా."

"హోటలా?"

"కాదు, కారుకు."

వెనక సీట్లోని ముసలాయన ముందుకు వంగి అడిగాడు. "ఏం బాబూ, కారుకు గ్యాసు పట్టిందా?"

బస్సు బస్సంతా నవ్వింది. నరసరావుపేట దాటేదాకా నవ్వుతూనే ఉంది, నేను లెక్కపెట్టాను, డ్రైవరు రెండుసార్లు స్టీరింగు వదిలేశాడు. పేటలో ఒకాయన తడి గోనెలో చుట్టిన తమలపాకుల మోపు తెచ్చి సరిగ్గా నా బస్తాల మీదే ఎక్కించాడు. తీయమన్నాను.

"ఆకు తడారితే ఎవరండీ బాధ్యులు? సోడాదేముంది, నీళ్ళలో కలిపేదే కదా" అన్నాడు.

ఎనిమిదింటికి వినుకొండలో దిగేసరికి పై బస్తా సగం గట్టిపడి ఉంది. స్టాండు బయట ఇడ్లీ తిన్నాను (మీ లెక్క మీరు వేసుకోండి). ఎనిమిదిన్నరకు దర్శి మీదుగా పొదిలి వెళ్ళే బస్సు. దారి పొడుగునా రెండు వైపులా కళ్ళాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. కిటికీ మూస్తే ఉక్క, తీస్తే తుమ్ములు. నేను తీసే కూర్చున్నాను.

పదకొండున్నరకు పొదిలి. అక్క స్టాండులోనే నిలబడి ఉంది. బస్తా నొక్కి చూసింది.

"ఏరా, సోడా తెమ్మంటే సున్నపురాయి తెచ్చావేంటి?"

ఆ మధ్యాహ్నమంతా గడ్డలు చిదిపి ఇంటి ముందు పట్టా మీద ఆరబెట్టాం. నిన్నటిదాకా మిరపకాయలు ఎండిన పట్టా అది. దులిపే వేశాం. సాయంత్రం మరిదిగారు వచ్చి తెల్లటి కుప్ప చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"వదినా, ఇనుమాయన రేపు సాయంత్రం వస్తానన్నాడు."

"రమ్మను. టీ ఇచ్చి పంపిస్తాను."

"జనం నవ్వుతున్నారు వదినా."

"మొదటిసారి స్టీరింగు పట్టుకున్ననాడూ నవ్వారు. ఇన్నేళ్ళయింది, వాళ్ళ నోళ్ళు నొప్పి పుట్టలేదా?"

గురువారం ఏడింటికి మస్తాన్ షెడ్డు. యాభై దాటిన మనిషి, ముక్కుకు తువ్వాలు చుట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. యంత్రంలోని ఇసుక డబ్బాను కడిగి ఎండబెట్టి, పంచరు షాపు నుంచి కంప్రెషరు తెప్పించాడు.

"నలభై ఏళ్ళ నుంచి ఈ పని చేస్తున్నానయ్యగారూ. బజ్జీల పిండితో కారు గీకడం ఇదే మొదలు."

"పిండి కాదు మస్తాన్, సోడా."

"శనగపిండి కూడా తెచ్చుంటే పనయ్యాక తినేవాళ్ళం."

మొదటిసారి గొట్టం పూడుకుపోయింది. రెండోసారి తుమ్మింది. అప్పుడు మా అక్క ఇంట్లో పిండి జల్లెడ తెచ్చి, సోడా మొత్తం మళ్ళీ జల్లించింది. మూడోసారి తెల్లటి మబ్బు లేచింది. అది షెడ్డు నింపి, వీధి నింపి, దర్శి వైపు వెళ్ళిపోయింది. దర్శిలో బట్టలారేసుకున్నవాళ్ళు ఆకాశం వంక చూసి లోపలికి తెచ్చుకున్నారని తర్వాత తెలిసింది.

మబ్బులోంచి మస్తాన్ గొంతు వినిపించింది. "అయ్యగారూ, ఇసుకైతే రేకును కొరుకుతుంది. ఇది రంగును కొరికి తనే చచ్చిపోతోంది."

బానెట్ ఎత్తి నంబరు చోట గొట్టం ఏటవాలుగా పెట్టాడు. తెలుపు పోయింది. కింద నీలం వచ్చింది. అదీ పోయి రేకు మెరిసింది. తువ్వాలుతో తుడిచి చూస్తే అంకెలు, కొట్టిననాటి అంచులతో, వరసగా నిలబడి ఉన్నాయి. అక్క పుస్తకం తెరిచి ఒక్కొక్కటే చదివింది, మస్తాన్ రేకు మీద వేలు పెట్టి ఒక్కొక్కటే అవునన్నాడు. చివరి అంకె ఏడా ఒకటా అని ముగ్గురం వంతులేసుకుని వంగి చూశాం. ఏడే.

ఇక రంగు మిగిలింది. మస్తాన్ డ్రైవరు తలుపు మీదకు గొట్టం తిప్పాడు. తెలుపు పెచ్చులు లేవకుండా, పొగమంచు విడినట్టు విడిపోయింది. కింద నీలం.

"దీన్ని కూడా తీసేయమంటారా అమ్మా?"

"ఆపు" అంది అక్క.

ఇసుకను అలా ఆపలేమని మస్తాన్ తర్వాత చెప్పాడు. పొర దగ్గర ఆగడం దానికి తెలియదట. ఆ నీలం బావ కొన్ననాటిది. బావ పోయిన నెలకే మరిది కారును తెల్లగా వేయించాడు, అమ్మితే మంచి ధర వస్తుందని.

అక్క తలుపు మీద చెయ్యి పెట్టింది. "తెల్ల చీర కట్టుకోమని నాకు చెప్పే ధైర్యం లేక దీనికి కట్టార్రా" అంది.

సరిగ్గా అప్పుడే బస్తా అడుగుకు వచ్చాం. పట్టా మీద మిగిలిన మిరప పొడి అంతా అక్కడే చేరినట్టుంది, గొట్టంలోంచి ఒక్కసారిగా కొట్టింది. ముగ్గురికీ కళ్ళ వెంట ధారలు కారాయి. అక్కకు అందరికంటే ఎక్కువసేపు కారాయి. మస్తాన్ తువ్వాలు తడిసి పిండితే గ్లాసుడు వచ్చింది.

ముందు తలుపులు, బానెట్ అయ్యేసరికి సోడా అయిపోయింది. ముందు సగం నీలం, వెనక సగం తెలుపు. సోడా ఉప్పు మిగిలితే కొత్త రంగు పట్టదని నేను చదివింది చెబితే మస్తాన్ బకెట్ల కొద్దీ నీళ్ళు పోసి కడిగాడు. సాయంత్రం ఇనుమాయన వచ్చాడు. టీ తాగి వెళ్ళాడు.

శుక్రవారం ఏడున్నరకు అక్క స్టీరింగు దగ్గర, నేను పక్కన. దారిలో ప్రతి ఊళ్ళోనూ జనం నిలబడి చూశారు. అక్క అద్దం దించి మరీ నడిపింది. పదింటికి ఒంగోలు ఆఫీసు.

ఇన్‌స్పెక్టరు నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దాడు. వంగి చూశాడు, వేలితో తడిమాడు.

"గీత లేదే. ఏం పెట్టి తీశారండీ?"

"బజ్జీల్లో వేసేది" అంది అక్క.

ఆయన నవ్వలేదు. కారు చుట్టూ తిరిగాడు. "వెనకంతా ఇంకా తెలుపే ఉందమ్మా."

"మీ పుస్తకంలో ఏముంది? నీలం. నీలం నేను వేయించలేదు, ఉన్నదే బయటికొచ్చింది. ఆ తెలుపు ఎవరో వేసింది. మా తమ్ముడు మళ్ళీ సోడా తెచ్చేదాకా దానికి గడువివ్వండి, నాకొద్దు."

ఆయన పుస్తకంలో రంగు ఇంకోసారి చూసుకుని సంతకం పెట్టాడు.

అక్క నన్ను స్టేషన్లో దింపి పొదిలి వైపు తిరిగింది. వెనక నుంచి చూస్తే ఇంకా తెల్ల కారే. మలుపులో పక్కకు తిరిగాక నీలం కనిపించింది. మధ్యాహ్నం తెనాలి పాసింజరు ఎక్కాను. తెనాలిలో మారితే సాయంత్రానికి గుంటూరు. ఎదుటి సీటులోని పత్తి వ్యాపారి నా వంక చూసి, "సున్నం పనా?" అన్నాడు. చెవుల్లో ఇంకా సోడా ఉంది మరి.

ఈ ప్రయాణంలో ఏది పెంచానో మీకు తెలుస్తూనే ఉంటుంది. మబ్బు దర్శి దాకా వెళ్ళలేదు, వీధి చివర కిరాణా కొట్టు దగ్గరే తేలిపోయింది. డ్రైవరు స్టీరింగు వదల్లేదు. అవన్నీ పెంచినవి. కల్పించింది ఒక్కటే. సోడా ఆరబెట్టిన పట్టా ఆ రోజే కొన్నది, దాని మీద మిరపకాయ ఎప్పుడూ ఎండలేదు. బస్తాలో కారం లేదు.

స్టేషన్ దగ్గర దిగుతుంటే అక్క అడిగింది, "ఇదంతా రాస్తావా?" రాస్తానన్నాను. "షెడ్డులో కళ్ళల్లో కారం పడిందని రాయి" అంది. రాశాను. ఎవరి మాటకూ లొంగవద్దని చిన్నప్పటి నుంచి నాకు నేర్పింది ఆమే కాబట్టి, ఇప్పుడు ఈ చివరి నాలుగు ముక్కలూ ఆమె మాట కాదని రాస్తున్నాను.