పలక ముక్కల మీద పేరు

మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్న రోజుల్లో మాకు సోషల్ చెప్పిన సారు ప్రతిదానికీ ఓటు పెట్టేవారు. కిటికీ తెరవాలన్నా, పరీక్ష వాయిదా వేయాలన్నా అదే మాట: "ఎత్తండి చేతులు!" పూర్వం గ్రీసు దేశంలో ఏథెన్సు పౌరులంతా ఒకచోట చేరి అట్లాగే తీర్మానించేవాళ్లట.

ఒకరోజు ఇంకో సంగతి చెప్పారు. ఎవరైనా మరీ పెత్తనం చేస్తుంటే ఏథెన్సువాళ్లు కుండపెంకుల మీద అతని పేరు రాసి, పదేళ్లపాటు ఊరినుంచి వెళ్లగొట్టేవాళ్లట. మా ఊళ్లో పెంకులెందుకు? పలకల గనుల దగ్గర పగిలిన ముక్కలు కావలసినన్ని. మర్నాడు మగపిల్లలు జేబుల నిండా తెచ్చారు.

"మా ఆడపిల్లలకు లేవా సార్?" అన్నాను.

"ఏథెన్సులో ఆడోళ్లకు ఓటు లేదమ్మా. నేనేం జేసేది?"

క్లాసులో పెత్తనం చేసేది ఆయనొక్కరే కాబట్టి ముక్కలన్నిటి మీదా ఆయన పేరే వచ్చింది. సారు కోప్పడలేదు. గొడుగు తీసుకుని వరండాలోకి పోయి కూర్చున్నారు.

అటుగా వచ్చిన హెడ్మాస్టరు, "ఏంది సార్, బయట కూర్చున్నారు?" అన్నారు.

"నన్ను వెళ్లగొట్టినారు సార్. పదేండ్లు."

"అయితే నేను లెక్కలు చెప్తా," అంటూ హెడ్మాస్టరు బెత్తంతో లోపలికొచ్చారు.

సారు కిటికీలోంచి తొంగిచూశారు. "నన్ను మళ్లా రమ్మనేవాళ్లు ఎత్తండి చేతులు!"

బెత్తానికి జడిసి మగపిల్లల చేతులు బల్లల కిందే ఉండిపోయాయి. లేచినవి మా ఆడపిల్లలవే.

సారు కిటికీలోంచే మా చేతులు లెక్కపెట్టారు.

"ఏథెన్సులో అయితే ఇవి చెల్లవు," అంటూ గొడుగుతో సహా లోపలికొచ్చేశారు. "మనది మార్కాపురం గదా!"