శని చంద్రుడి నీళ్ళు, మా మామ బోరు

ఆ రోజుల్లో, అంటే పరిశోధనలో చేరిన కొత్తలో, నా మెడ ఎప్పుడూ ఒక బెత్తెడు పైకే ఉండేది. ఆకాశం చూసే పని కదా అని సర్దిచెప్పుకునేదాన్ని గానీ, అసలు సంగతి గర్వం. పత్తికొండ పక్కన పల్లెలో, వీధి కొళాయి దగ్గర బిందెల వరసలో నిలబడి పెరిగిన పిల్ల శని గ్రహం చుట్టూ తిరిగే మంచు చంద్రుల మీద థీసిస్ రాస్తోందంటే మాటలా! నా పనల్లా ఒక పాత వ్యోమనౌక పంపిన కొలతలను కంప్యూటర్లో వేసుకుని, వాటిలో ఒక చంద్రుడి మంచు పెంకు కింద సముద్రం ఎంత లోతున ఉందో లెక్క కట్టడం. (ఆ వ్యోమనౌక అప్పటికే శనిలోకి దూకి కాలిపోయింది. దాని కొలతలు మాత్రం మా ప్రాణానికి మిగిలాయి.) ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అంత ధీమాగా మళ్ళీ ఎప్పుడూ బతకలేదు.

ఆ ఎండాకాలం సెలవులకు ఊరికి వచ్చేసరికి మామ ఇంట్లో బోరు గోల నడుస్తోంది. మామ అంటే మా అమ్మ తమ్ముడు. ఎర్రచేను, టమోటా పంట, ఎండిపోయిన బోర్లు, ఇదీ ఆయన ఆస్తి. ఇంకొక్క బోరు వేయిస్తాననీ, అందులో నీళ్ళు పడితే టమోటా పెడతాననీ, పడకపోతే అత్తా తానూ ఇంటికి తాళం వేసి మిరపకాయ కోతలకు గుంటూరు వైపు వలస పోవడమేననీ తేల్చి చెప్పేశాడు. బోరు ఎక్కడ వేయాలో పాయింట్ చూపించడానికి టెంకాయ తాతను కుదుర్చుకున్నాడు. మా వైపు ఇది మామూలే. తాత అరచేతిలో టెంకాయను పడుకోబెట్టుకుని చేనంతా నడుస్తాడు. అది ఎక్కడ లేచి నిలబడితే అక్కడ నీళ్ళున్నట్టు. అలాంటి మనిషి ఉండగా నేను నోరు మూసుకుని మజ్జిగ తాగి పడుకోవాల్సింది. కానీ ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని మామకు నా ఫోన్లో ఫొటో చూపించాను.

"మామా, ఈ చంద్రుని పైనంతా మంచే. దాని కింద సముద్రం. పగుళ్ళలో నుంచి నీళ్ళు పైకి ఎట్ల చిమ్ముతాండాయో చూడు."

మామ ఫోనును చేయి చాపినంత దూరం పట్టుకుని చూశాడు. నల్లటి ఆకాశంలోకి తెల్లటి ధారలు ఎగజిమ్ముతున్నాయి. "ఇది ఎవరి చుట్టూ తిరుగుతాది అంటివి?"

"శని చుట్టూ."

"మేయ్, వింటివా!" అని మామ లోపలున్న అత్తను కేకేశాడు. "మన నీళ్ళు యాడికి పోయినాయో ఇప్పుడు తెలిసె. ఆ శనిదేవుడే తనకాడ దాచిపెట్టుకున్యాడంట!"

అత్త చేతులు తుడుచుకుంటూ వచ్చి ఫొటో చూసి, అందరికంటే తెలివైన ప్రశ్న తానే అడిగింది. "ఎవురూ ఆడికి పోకనే కింద నీళ్ళుండాయని ఎట్ల చెప్తారు పాపా?" ఇంకేం, నాకు ఊపొచ్చింది. వ్యోమనౌక ఆ చంద్రుడి పక్కనుంచి దూసుకుపోయేటప్పుడు దాని వేగంలో రవ్వంత తేడా వస్తుందనీ, ఆ తేడాను బట్టి లోపల రాయి ఉందో నీళ్ళున్నాయో లెక్క వేస్తామనీ వివరించాను. అక్కడితో ఆపినా బాగుండేది. "తవ్వే పనే లేదత్తా, పక్కన పోతాపోతానే చెప్పేస్తాం" అన్నాను.

మామ ఫోను నా చేతిలో పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "శని కాడ ఉండే నీళ్ళు చెప్తాండావు. మన చేను కాళ్ళ కిందనే ఉండాది. దాని సంగతి చెప్పలేవా పాపా?"

అది వేరు, ఇది వేరు, దీనికి భూగర్భం చదివినవాళ్ళుంటారు, కర్నూలు నుంచి పిలిపిద్దాం అని ఎన్నో చెప్పాను. "పెద్ద చదువులోల్లు ముందు అట్లనే అంటార్లే" అని మామ అత్తకేసి చూసి నవ్వాడు. నేను తెలియదన్న కొద్దీ నా విలువ పెరుగుతోంది. తెల్లారేసరికి ఊరంతా తెలిసిపోయింది.

పొద్దున్నే మామ నన్ను చేను దగ్గరికి తీసుకుపోయాడు. "నువ్వేం చెప్పొద్దులే. ఊరికే చేను చుట్టూ ఒగసారి తిరుగు, నీ శని బండి తిరిగినట్ల" అన్నాడు. గట్టు మీద జనం. పక్కనే టెంకాయ తాత, చంకలో టెంకాయ, ముఖం మాడ్చుకుని నిలబడి ఉన్నాడు. తిరిగితే పోయేదేముందని బయలుదేరాను. (పోయేది చాలా ఉందని తర్వాత తెలిసింది.) చేను మూల దాటుతుండగా తుమ్మముల్లు చెప్పులోంచి సర్రున పాదంలోకి దిగింది. ఒంటికాలి మీద నిలబడి, కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళు బిగబట్టి ముల్లు పీకాను. కళ్ళు తెరిచేసరికి మామ నా కాలి పక్కన రాయి పాతేస్తున్నాడు.

"మామా, ముల్లు కుచ్చుకుంటే నిలబడ్నా!"

"అంత చేనుండగా ముల్లు ఈడనే ఎందుకు కుచ్చుకోవల్ల?"

దీనికి నా థీసిస్‌లో సమాధానం లేదు. తాత తగాదా పెట్టుకుంటే గట్టెక్కుతానని ఆశపడ్డాను. ఆయన తగాదా పెట్టుకోలేదు. టెంకాయను అరచేతిలో పడుకోబెట్టి, చేనుకు అడ్డంగా నడుచుకుంటూ వచ్చి, సరిగ్గా నా రాయి దగ్గర ఆగాడు. టెంకాయ లేచి నిలబడింది. గట్టు మీద జనం "అబ్బా" అన్నారు. "సైన్సూ టెంకాయా ఒగటే మాట చెప్పినాక ఇంగేం కావల్లప్పా!" అని మామ పొంగిపోయాడు. నిజం చెప్పొద్దూ, నాక్కూడా నమ్మకం కుదిరింది. కింద బండలో పగులు ఉండొచ్చు, పగులులో నీళ్ళుండొచ్చు, ముల్లుకు దాని కారణాలు దానికుండొచ్చు అనుకున్నాను. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ మంచు పెంకు గురించి మళ్ళీ చెప్పాను.

మరునాడు తమిళనాడు బోరు బండి వచ్చింది. అత్త పసుపు కుంకుమ పెట్టి, కొట్టడానికి టెంకాయ అడిగితే తాత తనది ఇవ్వలేదు. "ఇది పనిముట్టు మే, ఇది కొడితే రేపు నేనేం పట్టుకుని తిరగల్ల?" అన్నాడు. వేరే టెంకాయ తెచ్చి కొట్టారు. బండి గర్జించింది. ముందు ఎర్రమన్ను లేచింది, తర్వాత బండ తగిలి తెల్లటి పొడి లేవడం మొదలైంది. అది తుమ్మచెట్ల పైదాకా ధారలా ఎగజిమ్మి, ఎండలో మెరుస్తూ మా నెత్తిన రాలింది. జనమంతా తెల్లబడిపోయారు. మామ కనురెప్పలు కూడా తెల్లగా అయిపోయాయి. ఆయన పైకి చూసి, నాకేసి చూసి, చెవి దగ్గర అరిచాడు. "పాపా, నీ ఫోన్లో ఉండేది ఇదే కదా?"

అదే. అచ్చం అదే ఫొటో, నీళ్ళు తప్ప. ముందు నవ్వింది మామే. తర్వాత అందరూ నవ్వారు. కానీ గొట్టాలు దిగుతున్న కొద్దీ నవ్వులు సన్నగిల్లాయి. ఎండ నడినెత్తికి వచ్చినా పొడి తడవలేదు. చివరికి బండివాడు తల అడ్డంగా ఊపి యంత్రం ఆపేశాడు. మామ నన్ను ఒక్క మాట అనలేదు. అత్త తన కొంగుతో నా ముఖం తుడిచి, "ఎండలో నిలబడి నల్లగయినావు, ఇంటికి పోదాం పా" అంది. తెల్లగా పిండిబొమ్మలా ఉన్న నన్ను నల్లగయ్యావంటే నవ్వు రావాలి. నాకు ఏడుపొచ్చింది.

టెంకాయ తాత నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. "ఏం మనవరాలా, మనిద్దరిదీ ఒగటే పని. కానీ నీ పనే మేలు. నేను తప్పు చెప్తే మర్నాడే బండి వచ్చి బయట పెడ్తాది. నీ తప్పు బయట పెట్టేదానికి ఆడికి బండి ఎప్పుడు పోతాదో ఏమో!" ఏడుపులోనే పగలబడి నవ్వాను. నవ్వితే ముఖం మీది పొడి ఒళ్ళోకి రాలింది.

అత్తా మామా ఆ ఏడు మిరప కోతలకు పోయారు, ఉగాదికి తిరిగి వచ్చారు. చేనులో ఇప్పుడు ఆముదాలు, కందులు, వాన ఎంతిస్తే అంత. నా థీసిస్ ఒప్పుకున్నారు, ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు గురుగ్రహం మంచు చంద్రుల దగ్గరికి ఒక వ్యోమనౌక దారిలో ఉంది. అది ఏ చంద్రుడి పక్కన, ఎంత దగ్గరగా పోవాలో లెక్క వేసినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. బాగా వేశాననే నమ్ముతున్నాను. మామ ఫోన్ చేసినప్పుడల్లా ముందు నా ఆరోగ్యం అడగడు, దాని సంగతే అడుగుతాడు.

"యాడికి పోయె పాపా మన బండి?"

"ఇంకా దారిలోనే ఉండాది మామా. ఏండ్లు పడ్తాది."

"పాయింట్ పెట్టినోల్లలో నువ్వు గూడా ఉండావు కదా?"

"ఉండా మామా."

"ఈసారి ముల్లేమన్నా కుచ్చుకున్యాదా?"

"లేదు మామా, లెక్క వేసే పెట్టినాం."

"సరేలే. మనకు యాడన్నా ఒగచోట నీళ్ళు పడనీ పాపా" అని పెట్టేస్తాడు.

ఫోన్ పక్కన పెట్టాక, ఎర్రచేనులో ఒంటికాలి మీద కళ్ళు మూసుకుని నిలబడ్డ ఆ పిల్ల గుర్తొస్తుంది. కింద ఏముందో దానికేమీ తెలియదు. అయినా ఊరంతా చూస్తుండగా పడిపోకుండా నిలబడింది, పాపం.